అత్త సొమ్మూ కాదు, అల్లుడి దానమూ కాదు

ఆ మధ్య మా సాహిత్య మిత్రుల జూమ్ సమావేశంలో కరోనా కాలం కథల మీద చర్చ పెట్టుకున్నాం. వర్క్ ఫ్రం హోమ్ కథలు, ఒంటరితనం కథలు, ఆఖరి చూపు దక్కని చావుల కథలు... అన్నీ మాట్లాడుకున్నాక ఒకావిడ మంచి ప్రశ్న వేసింది: "ఇన్ని కథల్లో ప్రభుత్వం అనేది ఎక్కడా కనపడదేంటి?"

దానికి ఒక మిత్రుడు వెంటనే అందుకున్నాడు. "ప్రభుత్వమా? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు 350 బిలియన్ డాలర్లు తీసుకెళ్ళి రాష్ట్రాలకీ, ఊళ్ళకీ పంచారు. వాళ్ళకి ఖర్చుపెట్టడం కూడా చేతకాలేదు. మన ట్యాక్సులు, వాళ్ళ బెయిలౌట్. ఇందులో కథేముంది?"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. లాప్‌టాప్ మూసేశాక ఆ నవ్వు గొంతులో అడ్డం పడింది. ఎందుకంటే ఆ మాట తప్పని నాకు తెలుసు. తెలిసీ నవ్వాను. ఈ వ్యాసం ఆ నవ్వుకి ప్రాయశ్చిత్తం అనుకోండి.

ముందు ఆ సామెత సంగతి. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడంలో అత్త వేరు, అల్లుడు వేరు, పుచ్చుకునేవాడు వేరు. ఇక్కడ ముగ్గురూ ఒకటే. న్యూజెర్సీలో ఉండే నా జీతంలోంచి ఫెడరల్ ట్యాక్సూ పోతుంది, స్టేట్ ట్యాక్సూ పోతుంది, ఇంటి మీద ప్రాపర్టీ ట్యాక్స్ ఊరికీ స్కూళ్ళకీ పోతుంది. మూడు జేబులూ నావే. వాటిల్లో ఒక జేబుకి ఉన్న వసతి మిగతా రెండింటికీ లేదు. అసలు గొడవంతా అక్కడే ఉంది.

ఫెడరల్ ప్రభుత్వం ఏటా లోటుతో బతగ్గలదు. డాలరు పుట్టేది కూడా ఆ అంచెలోనే. రాష్ట్రాలకు ఆ వెసులుబాటు లేదు. ఒక్క వెర్మాంట్ తప్ప మిగతా 49 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో బడ్జెట్ సమానంగా తూగాలన్న నిబంధన ఉంది. రోడ్లకీ వంతెనలకీ బాండ్లు అమ్ముకోవచ్చు గానీ, ఈ నెల జీతాలకి అప్పు తెచ్చుకోవడం చాలాచోట్ల కుదరదు. మామూలు రోజుల్లో ఇది మంచి క్రమశిక్షణే. మహమ్మారి రోజుల్లో ఏమవుతుంది? దుకాణాలు మూతపడతాయి, సేల్స్ ట్యాక్స్ పడిపోతుంది. ఉద్యోగాలు పోతాయి, ఇన్‌కం ట్యాక్స్ పడిపోతుంది. సరిగ్గా అప్పుడే మెడికెయిడ్ కోసం, నిరుద్యోగ భృతి కోసం వచ్చేవాళ్ళు పెరుగుతారు. మనవాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, ట్రాఫిక్ పదింతలు పెరిగిన రోజునే సగం సర్వర్లు ఆపెయ్యాలని ముందే రూల్ రాసిపెట్టుకున్నట్టు.

2020 వసంతంలో న్యూజెర్సీ సరిగ్గా ఈ స్థితిలో పడింది. ఏప్రిల్ 15న రావలసిన ఇన్‌కం ట్యాక్స్ గడువు జూలై 15కి పోయింది. జూన్ 30తో ముగియాల్సిన ఆర్థిక సంవత్సరాన్ని ఏకంగా సెప్టెంబర్ 30 వరకు సాగదీశారు. క్యాలెండరుని సాగదీసి కాలం గడిపిన రాష్ట్రం మాది.

ఇక "రాష్ట్రాలు" అంటే ఎవరు? దేశంలో రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల దగ్గర పనిచేసేవాళ్ళు దాదాపు రెండు కోట్ల మంది. వాళ్ళలో సగానికి పైగా చదువుకి సంబంధించినవాళ్ళే. టీచర్లు, సహాయకులు, బస్సు డ్రైవర్లు, వంటవాళ్ళు. మిగతావాళ్ళలో నర్సులు, అగ్నిమాపక సిబ్బంది, చెత్త ఎత్తేవాళ్ళు, లైబ్రరీలవాళ్ళు. "రాష్ట్రాలకి డబ్బెందుకు" అన్న ప్రతిసారీ మనం అంటున్నది వీళ్ళ గురించి. గవర్నర్ బంగళా గురించి కాదు.

కేంద్రం మొదట్లో ఏమీ చెయ్యలేదని నేననను. 2020 మార్చి 27న సంతకమైన కేర్స్ చట్టంలో రాష్ట్రాలకీ, ఊళ్ళకీ, ఆదివాసీ ప్రభుత్వాలకీ కలిపి 150 బిలియన్లు పెట్టారు. కాకపోతే పంచిన తీరు చూడండి. ఏ రాష్ట్రానికైనా కనీసం 1.25 బిలియన్లు. ఆరు లక్షల జనం కూడా లేని వ్యోమింగ్‌కి తలకి రెండు వేల డాలర్లకు పైగా పడింది. ఆ వసంతంలో శవాలు ఉంచడానికి చోటు చాలక అవస్థపడిన న్యూజెర్సీకి తలకి నాలుగు వందలు కూడా పడలేదు. వాషింగ్టన్ డీసీ జనాభా వ్యోమింగ్ కంటే ఎక్కువ. అయినా దాన్ని రాష్ట్రంగా లెక్కగట్టలేదు కాబట్టి ఆ కనీస మొత్తంలో సగం కూడా రాలేదు. జనాభా అయిదు లక్షలు దాటని ఊళ్ళకీ కౌంటీలకీ నేరుగా పైసా లేదు. రాష్ట్రం దయతలచి ఇస్తే పుచ్చుకోవాలి.

పైగా ఒక షరతు. ఆ డబ్బు కరోనా వల్ల కొత్తగా వచ్చిపడిన ఖర్చులకే వాడాలి. పడిపోయిన ఆదాయాన్ని పూడ్చుకోవడానికి వాడకూడదు. ఇల్లు కురుస్తోంది మొర్రో అంటే, బకెట్లు ఎన్ని కావాలన్నా కొనుక్కో, పైకప్పుకి మాత్రం ముట్టుకోకు అన్నట్టు.

అందుకే ఏప్రిల్‌లో గవర్నర్లు మళ్ళీ అడిగారు. ఆ రోజుల్లో జాతీయ గవర్నర్ల సంఘానికి అధ్యక్షుడు మేరీలాండ్ రిపబ్లికన్ గవర్నర్ లారీ హోగన్, ఉపాధ్యక్షుడు న్యూయార్క్ డెమోక్రాట్ ఆండ్రూ క్యూమో. ఇద్దరూ కలిసి 500 బిలియన్లు కావాలన్నారు. ఇది రెండు పార్టీలూ కలిసి అడిగింది. ఏప్రిల్ 22న సెనేట్ మెజారిటీ నాయకుడు మిచ్ మెకానెల్ ఒక రేడియో కార్యక్రమంలో జవాబిచ్చాడు. రాష్ట్రాలు దివాలా దారి పట్టడానికి తాను సుముఖమేనన్నాడు. ఆయన ఆఫీసు పత్రికా ప్రకటన దానికి "నీలి రాష్ట్రాల బెయిలౌట్లు" అని పేరు పెట్టింది.

మెకానెల్‌కి తెలియకపోవడం ఉండదు, అమెరికా చట్టం ప్రకారం రాష్ట్రాలు దివాలా తీయలేవు. ఊళ్ళు తీయగలవు. 2013లో డెట్రాయిట్ తీసింది. రిటైరైన మునిసిపల్ ఉద్యోగుల పెన్షన్లలో కోతపడింది. దివాలా అన్న మాట వెనక ఉండేది ఆ పెన్షన్లే.

మనం సాహిత్యం చదివేవాళ్ళం, మాట దగ్గర కాసేపు ఆగుదాం. బెయిలౌట్! తెలుగు చెవికి బెయిల్ అనగానే ఏం తోస్తుంది? జైలు. బెయిల్ ఇచ్చేది ఎవరికి? నేరం మోపబడినవాడికి. అంటే ఆ మాట వాడగానే విచారణ అయిపోయింది. రాష్ట్రం దోషి, కేంద్రం దయామయి, జామీను కట్టేది మనం. అందులో వైరస్ లేదు, మూతపడిన దుకాణం లేదు, ఆంబులెన్స్ లేదు. 2008లో తమ జూదానికి తామే బలైన బ్యాంకులకి వాడిన మాటని తీసుకొచ్చి, ఏ జూదమూ ఆడని స్కూలు బస్సు డ్రైవర్‌కి అంటించారు. మన వాట్సాప్ గ్రూపుల్లో అది తెలుగు లిపిలోకి మారి ఇంకా తిరుగుతూనే ఉంది.

లెక్కలకొచ్చినా ఆ మాట నిలవదు. న్యూయార్క్, న్యూజెర్సీ కేంద్రానికి కట్టేది ఎక్కువ, తిరిగి తెచ్చుకునేది తక్కువ. మెకానెల్ సొంత రాష్ట్రం కెంటకీ సంగతి దీనికి తిరగేసి. ఏళ్ళ తరబడి ఉన్న వ్యవహారమే ఇది. నేను దాన్ని తప్పుపట్టడం లేదు. కెంటకీలో పేదరికం ఎక్కువ, అక్కడికి డబ్బు వెళ్ళాల్సిందే. దేశం అంటే అదే కదా. కానీ మామూలు రోజుల్లో పుచ్చుకునే చెయ్యి, ఇచ్చే చేతికి జ్వరమొచ్చిన రోజున "నీ ఖర్మ" అనడమే ఎబ్బెట్టు. న్యూయార్క్ రిపబ్లికన్ పీటర్ కింగ్ కూడా మెకానెల్ మాటని సిగ్గుచేటన్నాడు.

మే 15న ప్రతినిధుల సభ దాదాపు మూడు ట్రిలియన్ల బిల్లు ఆమోదించింది. అందులో రాష్ట్రాలకీ ఊళ్ళకీ ఒక ట్రిలియన్ దాకా ఉంది. సెనేట్ దాన్ని చర్చకే తీసుకోలేదు. ఫెడరల్ రిజర్వ్ మాత్రం రాష్ట్రాలకీ నగరాలకీ 500 బిలియన్ల దాకా అప్పిస్తానని ఒక పథకం పెట్టింది. చివరికి దాన్ని వాడుకున్నది ఇద్దరే: ఇల్లినాయ్ రాష్ట్రం, న్యూయార్క్ రవాణా సంస్థ ఎంటీఏ. మొత్తం అప్పు ఏడు బిలియన్లు కూడా దాటలేదు. పథకం ప్రకటించగానే బాండ్ల మార్కెట్ కుదుటపడిందంటారు, నిజమే. కానీ ఆదాయం పడిపోయినవాడికి కావాల్సింది అప్పు కాదు. డిసెంబర్‌లో 900 బిలియన్ల సహాయ చట్టం వచ్చింది. రాష్ట్రాలకి నేరుగా అందులో ఏమీ లేదు. పాత డబ్బు ఖర్చుపెట్టే గడువు మాత్రం ఒక ఏడాది పెంచారు.

ఈలోగా ఏం జరిగింది? 2020 ఏప్రిల్, మే, ఈ రెండు నెలల్లోనే రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల్లో పదిహేను లక్షల ఉద్యోగాలు పోయాయి. ఆ సంఖ్యలో నాకు తెలిసిన ఒకావిడ ఉంది.

మా ఊరి లైబ్రరీలో ఒక తెలుగు అర ఉండేది. తిరిగి ఇండియా వెళ్ళిపోయేవాళ్ళు ఇచ్చిపోయిన పుస్తకాలు, ఓ రెండు వందలుంటాయి. దాన్ని చూసుకునేది గంటల లెక్కన పనిచేసే ఒక అమెరికన్ పెద్దావిడ. ఆమెకి తెలుగు రాదు. ఒకరోజు నన్ను పట్టుకుని అక్షరమాల రాసిమ్మంది. ఆ కాగితం పక్కన పెట్టుకుని, పుస్తకాల వీపుల మీద మొదటి అక్షరం పోల్చుకుంటూ, రచయితల పేర్ల వరసలో సర్దింది. 'ప'కీ 'ష'కీ తేడా చూడ్డానికి భూతద్దం కావాలని నవ్వేది. లైబ్రరీ మార్చిలో మూసేశారు. జూన్‌లో గంటల పనివాళ్ళందరికీ ఉత్తరాలొచ్చాయి. వచ్చే ఏడాది ఆదాయం ఎంతో తెలియదు కాబట్టి అని అందులో ఉందట. ఊరిది కూడా తప్పని నేననలేను. నిజంగానే వాళ్ళకి తెలియదు. చెప్పాల్సిన పై అంచె ఆ జూన్‌లో బెయిలౌట్ మీద ఉపన్యాసాలు ఇస్తోంది.

ఇప్పుడు నా మిత్రుడి బలమైన వాదనకి వస్తాను. 2021 మార్చి 11న అమెరికన్ రెస్క్యూ ప్లాన్ వచ్చింది. ఒక్క రిపబ్లికన్ వోటు కూడా పడలేదు. రాష్ట్రాలకీ స్థానిక ప్రభుత్వాలకీ 350 బిలియన్లు. ఈసారి ఆదాయ నష్టాన్ని పూడ్చుకోవచ్చన్నారు. ఊళ్ళకీ వాటా దక్కింది. కానీ అప్పటికి చాలా రాష్ట్రాల ఖజానాలు తేరుకున్నాయి. ఆ మే నెలలో కాలిఫోర్నియా గవర్నర్ 75.7 బిలియన్ల మిగులు ప్రకటించాడు. న్యూజెర్సీ సంగతైతే మరీ తమాషా. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి అనుమతి తెచ్చుకుని 2020 నవంబర్‌లో నాలుగు బిలియన్లకు పైగా అప్పు చేసింది. ఏడాది తిరక్కముందే అంత అప్పు అవసరమా అనిపించేంత ఆదాయం వచ్చిపడింది. అలబామా తన వాటాలోంచి 400 మిలియన్లు కొత్త జైళ్ళు కట్టడానికి తీసింది. ఇవన్నీ నిజాలే. రాష్ట్రాల వాటాలో ఎక్కువ భాగాన్ని 2020 ఆఖరి మూడు నెలల నిరుద్యోగుల సంఖ్యని బట్టి పంచారు. ఎవరికి ఎంత ఆదాయం పోయింది అన్న లెక్కని బట్టి కాదు. ఆ సూత్రం రాసింది నేను వోటు వేసిన పక్షమే అయినా, అది బద్ధకపు సూత్రమే.

అయితే ఈ నిజాలు రుజువు చేసేది నా మిత్రుడు అనుకుంటున్నదాన్ని కాదు.

రాష్ట్రాలు అంత త్వరగా ఎందుకు తేరుకున్నాయి? ఒకటి, కేంద్రం జనానికి నేరుగా చెక్కులు పంపింది, నిరుద్యోగ భృతి పెంచింది. ఆ డబ్బు ఖర్చయ్యి సేల్స్ ట్యాక్స్‌గా రాష్ట్రాలకి చేరింది. రెండు, మనలాంటివాళ్ళ ఉద్యోగాలు పోలేదు, స్టాకులు పెరిగాయి, దాని మీద పన్ను వచ్చింది. అంటే తేరుకోవడం కూడా చాలావరకు కేంద్రం డబ్బు చలవే. ఇంకోటి, పోయిన ఉద్యోగాలు 2020 వేసవిలో పోయాయి. డబ్బు 2021 వేసవిలో వచ్చింది. చేతులు కాలాక ఆకులు తెచ్చిచ్చి, ఆకులు మిగిలిపోయాయి చూశారా, అసలు అవసరమే లేదు అనడం ఏం న్యాయం? 350 బిలియన్లు ఎక్కువే కావచ్చు. అందులో సగమే 2020 మేలో వచ్చుంటే సరిపోయేదేమో. ఆలస్యం చేసినవాళ్ళే ఆలస్యం వల్ల పుట్టిన వృథాని చూపించి, సహాయమే వృథా అంటున్నారు.

ముందు అనుభవం లేక కాదు. 2008 మాంద్యం తర్వాత 2009లో కేంద్రం రాష్ట్రాలకి కొంత సాయం చేసి, మాంద్యం నీడ పోకముందే ఆపేసింది. స్థానిక ప్రభుత్వాలు ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఉద్యోగాలు తగ్గించుకుంటూ పోయాయి. రాష్ట్ర, స్థానిక ఉద్యోగాల సంఖ్య పాత స్థాయికి రావడానికి దాదాపు పదేళ్ళు పట్టింది.

మా మిత్రుడిది తెలంగాణ. కాబట్టి అతనికి ఒక పాత సంగతి గుర్తుచెయ్యాలి. అదే 2020లో ఇండియాలోనూ ఇదే నాటకం నడిచింది. 2017లో జీఎస్టీ తెచ్చేటప్పుడు రాష్ట్రాలు తమ పన్నులేసే అధికారాన్ని చాలావరకు వదులుకున్నాయి. బదులుగా అయిదేళ్ళపాటు ఏటా 14 శాతం పెరుగుదల లెక్కన, ఆదాయం తగ్గితే పరిహారం ఇస్తామని కేంద్రం చట్టమే చేసింది. కరోనా వచ్చింది, తెలంగాణలో మార్చి జీతాల్లో చాలామంది ప్రభుత్వోద్యోగులకి సగం కోతపడింది. ఆగస్టు 27న జీఎస్టీ మండలి సమావేశం తర్వాత కేంద్ర ఆర్థికమంత్రి ఇది దైవఘటన అన్నారు. లోటుకి రాష్ట్రాలే అప్పు తెచ్చుకోవాలని రెండు దారులు చూపించారు. నానా రభసా అయ్యాక అక్టోబర్‌లో కేంద్రమే 1.1 లక్షల కోట్లు అప్పు తెచ్చి రాష్ట్రాలకి ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ ఆగస్టులో మా గ్రూపులో అందరికంటే ఎక్కువ మండిపడింది ఈ మిత్రుడే. "ఇది మా హక్కు, భిక్ష కాదు" అని పెట్టిన మెసేజ్ నా ఫోన్లో ఇంకా ఉంది.

అన్నా, మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. రెండు వ్యవస్థలూ ఒకటి కావు, అక్కడ చట్టంలో రాసిచ్చిన మాట ఉంది, ఇక్కడ లేదు. ఒప్పుకుంటాను. కానీ అప్పు చేసే శక్తి పై అంచెలో, ఆసుపత్రీ బడీ నడిపే బరువు కింది అంచెల్లో ఉన్న చోట, ఆపద వచ్చినప్పుడు పైనుంచి కిందకి డబ్బు రావాలన్నది రెండు చోట్లా ఒకే న్యాయం. హైదరాబాద్‌కి హక్కయినది ట్రెంటన్‌కి వచ్చేసరికి భిక్ష ఎలా అయింది?

మరి ఏం చెయ్యాలి? అమెరికాలో చట్టంలో రాసిచ్చిన మాట లేదన్నాను. అది రాయించుకోవడమే చెయ్యాల్సింది. ఎలా ఉండాలో ఒక చిన్న నమూనా 2020లోనే కనపడింది. మార్చి 18న సంతకమైన ఇంకో చట్టం మెడికెయిడ్ ఖర్చులో కేంద్రం వాటాని 6.2 శాతం పాయింట్లు పెంచింది. ఆ ఏడాది జనవరి 1 నుంచే వర్తించేట్టు, అత్యవసర స్థితి ఉన్నంతకాలం. బదులుగా, ఆ కాలంలో ఎవర్నీ మెడికెయిడ్ నుంచి తీసెయ్యకూడదని షరతు. ఖర్చు ఉన్నచోటికి డబ్బు వెళ్ళింది. దాన్నెవరూ బెయిలౌట్ అనలేదు. అనడానికి టీవీలో దృశ్యమే లేదు మరి.

దాన్నే శాశ్వతం చెయ్యాలి. ఒక రాష్ట్రంలో నిరుద్యోగం ఇంత పెరిగితే కేంద్రం వాటా ఇంత పెరగాలి, తగ్గితే తగ్గాలి. ఎవరి వోటూ అక్కర్లేకుండా, ఏ రంగు రాష్ట్రం అని అడగకుండా. ఆర్థికవేత్త క్లాడియా సామ్ 2019లో జనానికి నేరుగా పంపే చెక్కుల కోసం ఇలాంటి నియమమే ప్రతిపాదించింది. రాష్ట్రాలకీ అలాంటిది ఉండాలి. ఇదేదో వామపక్షపు కల అనుకునేవాళ్ళకి ఇంకో మాట. 1972లో రాష్ట్రాలకీ ఊళ్ళకీ ఏటా కేంద్ర ఆదాయంలోంచి వాటా పంచే చట్టం మీద సంతకం చేసింది రిచర్డ్ నిక్సన్. 1986లో అది పూర్తిగా ఆగిపోయే దాకా చిన్న చిన్న ఊళ్ళు కూడా ఆ వాటా అందుకున్నాయి.

రెస్క్యూ ప్లాన్ డబ్బుని ఖర్చులకు కేటాయించే గడువు 2024 డిసెంబర్ 31. ఖర్చుపెట్టే గడువు 2026 డిసెంబర్ 31. ఆ తర్వాత ఈ ఖాతా మూతపడుతుంది. అప్పుడు మిగిలేది మనం దాన్ని తలుచుకునే మాట ఒక్కటే. ఇంకో మహమ్మారి వచ్చినప్పుడు సెనేట్‌లో ముందు వినపడేది కూడా ఆ మాటే. అది "దండగ" అయితే మళ్ళీ ఇదే కథ. "ఆలస్యం" అయితే కాస్త ఆశ ఉంది.

మా లైబ్రరీ 2021లో తెరిచారు. కొత్త కార్పెట్, కొత్త గాలి యంత్రాలు, బాగుంది. తెలుగు పుస్తకాలు హిందీ, గుజరాతీ పుస్తకాలతో కలిపి ఒక మూల పేర్చి ఉన్నాయి, కొన్ని తలకిందులుగా. ఆవిడ గురించి కౌంటర్ దగ్గర అడిగితే పెన్సిల్వేనియాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందన్నారు. ఓ శనివారం నేనే కూర్చుని తెలుగువి వేరు చేసి సర్దుతుంటే, ఒక పుస్తకంలోంచి మడతపెట్టిన కాగితం పడింది. నా చేతిరాతలో అక్షరమాల. కొన్ని అక్షరాల పక్కన ఆవిడ పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంది.

కరోనా కథల్లో ప్రభుత్వం ఎక్కడ అని అడిగారు కదా ఆ రోజు. నేనప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇది.